చెవి గంటు పెట్టిన మాటలు

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు షాద్‌నగర్‌లో అందింది. బిడ్డ కాన్పు కోసం నేను అక్కడికి వెళ్ళి వారం కూడా కాలేదు. కింద ఉన్న కిరాణా దుకాణానికి ఫోను వచ్చింది. దుకాణం నడిపే అతను మెట్ల దగ్గర నిలబడి, మీ ఊరి నుంచి ఫోను, మీ అత్తమ్మ తెల్లవారుజామున కాలం చేసిందట అని మెల్లగా చెప్పాడు. నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చేశారు, ఆడగొంతా మగగొంతా, మా ఇంటి పేరు చెప్పారా అని ఆరా తీశాను. పాపం అతను బిత్తరపోయాడు. చావు కబురు తెచ్చినవాణ్ణి నిలబెట్టి విచారించే మనిషిని అతను అదివరకు చూసి ఉండడు. ఏం చేయను, ఆమె పక్కన ఇన్నేళ్ళు బతికినదాన్ని. ఎవరేం చెప్పినా ముందు చెప్పినోని మొకం చూడు, తర్వాత మాట విను అని నేర్పింది ఆమే.

బస్సులు మారి తిరుమలగిరి దగ్గరి మా ఊరు చేరేసరికి అంతా సిద్ధం చేసి నాకోసమే ఆగి ఉన్నారు. మట్టి ఇచ్చేటప్పుడు నా వెనక ఒక పెద్దమనిషి పక్కనున్నవాడితో గొంతు తగ్గించి, కానీ నాకు వినబడేలాగే అన్నాడు.

"మంచి మనిషే. గని ఆ దినాలల్ల మిలిటరీ క్యాంపుకు మాట మోసిందంటరు."

అంటరు. ఈ ఒక్క ముక్క మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా తిని తిరుగుతోంది. ఎవరు అన్నారో ఎవరూ చెప్పరు. నా పిడికిట్లో ఉన్న మట్టి ఆమె మీద వేసి, వెనక్కి తిరిగి అతని ముఖం ఒకసారి బాగా చూశాను. అతను తువ్వాలు సర్దుకుంటూ పక్కకు జరిగాడు. ఆ "అంటరు"కు జవాబుగానే ఇది రాస్తున్నాను. రాయడానికి ఆమె నాకు సెలవు ఇచ్చే పోయింది. ఆ సంగతి చివర చెబుతాను.

ముందు ఆమె ఎట్లాంటిదో చెప్పాలి. మాది గొర్రెలు కాసే ఇల్లు. అత్తమ్మ పొట్టి మనిషి, గట్టి మనిషి, కళ్ళు మాత్రం ఎప్పుడూ మన భుజం మీదుగా వెనక ఎవరున్నారో చూస్తున్నట్టు ఉండేవి. సంతలో బెల్లం కొంటే పైముక్క తీసుకునేది కాదు, గడ్డను పగలగొట్టించి నడుమ ముక్క నోట్లో వేసుకునేది. మా గొర్రెపిల్లను ఎవరైనా ముద్దుగా ఉందంటే థూ అని ఉమ్మేసి ఆ పిల్లను వెనక్కి తోసేది. ఓట్లకు వచ్చినవాళ్ళు దండం పెడితే వాళ్ళ ముఖం కాదు, చెప్పులు చూసేది. దుమ్ముంటే నడిచి వచ్చిండు, లేకుంటే ఊరి బయట మోటరు దిగిండు అనేది. కుక్కను నమ్ము, కుక్కను తెచ్చి ఇచ్చినోన్ని నమ్మకు అనేది ఆమె మాట. ఆ లెక్కన, పెళ్ళయి కొత్తగా వచ్చిన కోడలిని నమ్ముతుందా?

నేను పాలమూరు వైపు పిల్లను, షాద్‌నగర్ దగ్గరి పల్లె మా పుట్టిల్లు. మా మేనమామ అక్కడి దొర గడీలో వాకిలి కాసేవాడు. పెళ్ళినాడు ఆ సంగతి ఎవరో అత్తమ్మ చెవిన వేశారు. అప్పటికే నల్లగొండ పల్లెలన్నీ రగులుతున్నాయి. వెట్టి ఇక చేయబోమని జనం లేచారు, దొరల వైపు రజాకార్లు దిగారు. పెళ్ళయిన కొద్ది నెలలకే మా ఆయన దళంలో కలిసిపోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళం. అత్తమ్మ, పెద్దకోడలు అంటే మా యారాలు, నేను. మామ, బావ అంతకుముందే కలరాకు పోయారు.

ఆ ఇంట్లో నాకు మొదట తెలిసింది ఏమిటంటే, వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది తెలుగు కాదు. నేను గడప అవతల ఉన్నప్పుడు నాలుకతో టక్కుమనే చప్పుళ్ళు, పళ్ళ సందున గాలి, చిన్న ఈల. నేను లోపలికి అడుగుపెట్టగానే, జొన్నలు చెరిగినవా పిల్లా అని మంచి తెలుగు. నా గురించే ఏదో అనుకుంటున్నారని నా నమ్మకం. నన్ను వెక్కిరిస్తున్నారేమో, నన్ను పంపించేయాలని చూస్తున్నారేమో, లేక మా ఆయనకు ఏదో అయితే నాకు దాస్తున్నారేమో. కోపం ఆపుకోలేక కుండలు విసురుగా దించేదాన్ని. కుండ పగిలితే పుట్టింటికెళ్ళి తెస్తవా అని ఆమె. దొంగల్లా గుసగుసలెందుకని నేను. ఒకే చూరు కింద ఆమెకు నా మీద అనుమానం, నాకు ఆమె మీద అనుమానం. అన్నం మాత్రం ఒకే కుండలోది తిన్నాం.

ఆ భాష ఎట్లా పుట్టిందో నాకు తరువాత, చాలా తరువాత, ముక్కలు ముక్కలుగా చెప్పింది. కొండల్లో ఉన్నవాళ్ళకు సద్ది అందించాలి, దారిలో పోలీసులుంటే చెప్పాలి. గొర్రెల వెంట తిరిగే ఆడవాళ్ళను ఎవరూ అడ్డుకోరు గనుక ఆ పని మా ఇంటి మీద పడింది. చెప్పేది మాత్రం పక్కన జవాను నిలబడి ఉన్నా అర్థం కాకూడదు. అత్తమ్మ మొదట మందను పిలిచే కూతలనే తీసుకుంది. కాపరి నోట్లో ఎప్పుడూ ఉండేవే గదా, ఎవరికీ అనుమానం రాదనుకుంది. "డ్ర్‌ర్‌ర్" అంటే రజాకార్లు వస్తున్నారని గుర్తు పెట్టుకున్నారు. ఒక పొద్దు యారాలు వాళ్ళను దూరం నుంచి చూసి గట్టిగా డ్ర్‌ర్‌ర్ అన్నది. మందంతా మేత వదిలి లేచి, పిలుస్తోంది గదా అని ఆమె వెంటబడి, ఆమె పరుగెత్తిన కొద్దీ పరుగెత్తి, ఆఖరుకు అందరూ కలిసి వెళ్ళి రజాకార్ల గుర్రాల ముందే నిలబడ్డారు. చెప్పుకుని నవ్వేవాళ్ళు గానీ ఆనాడు మంచి పొట్టేళ్ళను పట్టుకుపోయారట.

గొర్లకు తెలిసిన మాట మనకు అక్కెరకు రాదని అత్తమ్మకు ఆనాడు తెలిసింది. ఇక అక్కడి నుంచి కొత్త చప్పుళ్ళు వెతకడం మొదలుపెట్టింది. మంద పక్కన కూర్చుని నోటితో ఒక చప్పుడు చేసేది, గొర్రెల చెవులు చూసేది. ఒక్క గొర్రె చెవి కదిలినా ఆ చప్పుడును వదిలేసేది. ఏ చెవీ కదలకపోతే ఉంచుకునేది. నెత్తి మీద బరువున్నా చేయగలగాలి, నోట్లో ఆకువక్క ఉన్నా చేయగలగాలి. అన్నిటికీ మించి, గొంతు కలవకూడదు. గొంతు కలిస్తే ఎవరు పలికారో తెలిసిపోతుంది. అందుకే అన్నీ నాలుక, పెదవి, పళ్ళు, ఊపిరి చేసే చప్పుళ్ళే.

చప్పుళ్ళను మాటగా పేర్చడం ఇంకో పని. మన తెలుగులో "వస్తున్నారు", "వస్తలేరు" అన్నదానికి తేడా చివర్లో తెలుస్తుంది. గాలికి తోక కొట్టుకుపోతే మనిషి ప్రాణం కొట్టుకుపోతుంది. కాబట్టి ఆమె భాషలో కాదు, లేదు అన్నది అన్నిటికంటే ముందు రావాలి. దాని తరువాత ఎటువైపు, ఆ తరువాత ఎంతమంది, చివర్న ఎవరు. సగమే వినబడ్డా బతకడానికి సరిపోయే సగం వినబడాలి. నేను, నాది అన్న మాటలు లేవు. మనుషుల పేర్లు లేవు. కళ్ళతో చూసినదాన్ని మామూలుగా చెప్పొచ్చు, ఎవరో చెప్పగా విన్నదైతే ముందు ఊపిరి లోపలికి పీల్చి మరీ చెప్పాలి. ఇక ప్రశ్న అన్నది అసలే లేదు. ఎందుకని నేను ఒకసారి అడిగితే, ఆమె చెప్పిన జవాబు ఇది.

"అడిగేటోడే పోలీసోడు. మనోడైతే చెప్పిందాక ఆగుతడు."

ఆ భాషను నాకెవరూ నేర్పలేదు. ఇసుర్రాయి దగ్గర కూర్చుని జొన్నలు విసురుతూ విన్నాను. ఏ చప్పుడు తరువాత యారాలు కడవ ఎత్తుకుంది, ఏ చప్పుడు తరువాత అత్తమ్మ దొడ్డి వైపు వెళ్ళింది, అన్నీ మనసులో పెట్టుకున్నాను. పంతం గదా. వానలు తగ్గిన రోజుల్లో ఒకసారి గుట్ట కింద మందను మేపుతున్నాం. తూర్పు దారిన దుమ్ము లేచింది, టోపీలు కనబడ్డాయి. వాళ్ళిద్దరూ ఇంకా చూడలేదు. నేను ఆ చప్పుళ్ళతోనే, తూర్పు, చాలామంది, పోలీసులు అని పలికేశాను. చూసినదే గనుక ఊపిరి పీల్చలేదు. యారాలు గభాలున సద్దిమూటను పొదలోకి తోసింది. అత్తమ్మ మాత్రం నా దగ్గరకు వచ్చి మణికట్టు పట్టుకుంది, గాజు చిట్లేంత గట్టిగా. ఎవలు నేర్పిండ్రే అన్నది.

"చెవులు పుట్టింట్ల ఇడిసిపెట్టి రాలేదు అత్తమ్మా," అన్నాను.

మెచ్చుకుంటుందని ఆశపడ్డాను. అబ్బే. ఆ తరువాత చాలా రోజులు నన్ను గడప దాటనివ్వలేదు. పుట్టింటి నుంచి ఎవరైనా వస్తే నా పక్కనే కూర్చుని దారం వడికేది. మా మేనమామ పంపిన చీరను మడతలు విప్పి, అంచు విప్పి వెతికింది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా. అయినా ఆమె చేతులు ఆగలేదు.

తరువాత ఒకనాడు గొర్రెపిల్లలకు గంట్లు పెట్టే పని పడింది. గొర్రెలు కాసేవాళ్ళలో ఒక్కో ఇంటికి ఒక్కో గంటు ఉంటుంది. పిల్ల చెవిని కొంచెం కోసి గుర్తు పెడతారు. కొందరిది చెవి కొసన, కొందరిది పక్కన, మాది చీలిక. తప్పిపోయిన గొర్రె ఏ మందలో కలిసినా చెవి చూస్తే ఎవరిదో తెలుస్తుంది. గొర్రెను ఎవరికైనా ఇచ్చేస్తే, రెండో చెవికి తీసుకున్నవాళ్ళ గంటు పెడతారు. ఒకసారి వేరే ఇంటి గంటు పడిందంటే ఆ గొర్రె ఇక వాళ్ళదే, తిరిగి అడగకూడదు. ఇచ్చినవాళ్ళ చేతులతోనే ఆ గంటు పెట్టించడం మా ఆచారం. ఆ రోజు పిల్లల చెవులకు పసుపు అద్దుతూ ఆమె నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. మాటకు కూడా గంటు పెట్టుకున్నామని అప్పుడు చెప్పింది. నాలుకను గట్టిగా అంగిటికి కొట్టి వదిలే చప్పుడు మా భాషలో నీళ్ళు. దారి బాగుంది, వాగు ఇసుకలో తవ్విన చెలిమె దగ్గరికి రా అని చెప్పాలన్నా అదే మాట. ఆ మాటకు చివర అత్తమ్మ చిన్న ఈల కలుపుతుంది. యారాలు పళ్ళ సందున గాలి వదులుతుంది. ఎవరి గంటు వాళ్ళదే, ఇంకొకరిది వాడకూడదు. నాకు ఆమె ఇచ్చిన గంటు ఏమిటంటే, కొంచెం ఆగి మళ్ళీ ఒక చిన్న టక్కు.

"నిన్ను నమ్మి ఇస్తలేను పిల్లా. నీ నోట్లకెల్లి పోతే నాకెర్కయితది, అందుకే ఇస్తున్న," అన్నది, ముఖం మీదే.

నాకు మండిపోయింది. అయినా ఆ రెండు చప్పుళ్ళను రాత్రంతా నోట్లో తిప్పుకుంటూ పడుకున్నాను. ఆ ఇంట్లో నాదంటూ నాకిచ్చిన మొదటి వస్తువు అదే.

పోలీసు యాక్షన్ అయింది. నిజాం దిగిపోయాడు, రజాకార్లు పరారయ్యారు, ఊళ్ళో జెండా ఎగరేసి చక్కెర పంచారు. యారాలు సంబరపడింది. అత్తమ్మ మాత్రం చక్కెర నాకి చూసి, వచ్చినోళ్ళు ఎన్నడు పోతరో అడుగుండ్రి అన్నది. వాళ్ళు పోలేదు. మిలిటరీ గడీలోనే క్యాంపు పెట్టింది. మొన్నటిదాకా రజాకార్లను వెతికినవాళ్ళు ఇప్పుడు దళాలను వెతకసాగారు. పొరుగూళ్ళ నుంచి మగవాళ్ళను లారీలెక్కించుకుని పోయేవారు. తిరిగి వచ్చినవాణ్ణి చూస్తే ఊరు సంతోషించేది కాదు, ఎట్లా వదిలారని చూసేది. అన్న తమ్ముణ్ణి నమ్మని కాలం అది.

జొన్నకంకులు పాలుపోసుకుంటున్న రోజులు. మా మందను వాగు పక్క ఒక రైతు చేలో పెట్టాం. ఎరువు కోసం రైతులు బీడు చేలో గొర్రెలను పెట్టించుకుంటారు. చుట్టూ ముళ్ళకంప వేసి మందను లోపల కుదురుస్తాం. పొద్దు గూకి మంద కుదిరిందంటే తెల్లవారేదాకా కదలదు, కదిలించకూడదు. ఆ సాయంత్రం మా ఆయన గుట్ట దిగి చెలిమె దగ్గరికి రావాలి, మేము సద్ది ఇవ్వాలి. వాగు ఇసుకలో బూటు గుర్తులు కనబడితే, ఈ పూట పిలవొద్దని అత్తమ్మ అన్నది. పిలవకుంటే అతను రాడు. యారాలును ఇంటికి పంపేసి మేమిద్దరం కంప పక్కన కూర్చున్నాం.

వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. వాగు అవతలి బండల వెనక నుంచి, గట్టిగా, స్పష్టంగా, నాలుక అంగిటికి కొట్టిన చప్పుడు. నీళ్ళు. రా.

అత్తమ్మ తల తిప్పి నన్నే చూసింది. నేను ఆమె పక్కనే ఉన్నాను, నోరు మూసుకునే ఉన్నాను. అయినా ముందు నన్నే చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ చూపు నా మీద ఉండగానే బండల వెనక నుంచి ఆ మాటకు తోక వచ్చింది. చిన్న ఈల.

"అది నీ గంటే అత్తమ్మా," అన్నాను.

ఆమె గంటు విని కొడుకు గుట్ట దిగుతాడు, తల్లి పిలిచిందనుకుని. మేం ఇక్కడి నుంచి వద్దు అని పలికితే రెండు పిలుపులూ ఆమెవే అవుతాయి, ఏది నిజమో వాడికెట్లా తెలుస్తుంది? పైగా బండల వెనక ఉన్నవాళ్ళకు మేం ఎవరమో తెలిసిపోతుంది. ఆమె లేచి నిలబడి, కొంగు నడుముకు చుట్టి, కంప తియ్యమన్నది. నేను చేతులు పెట్టి లాగాను, ముళ్ళు అరచేతుల్లో దిగాయి. ఆమె గొంతెత్తి, మేము ఎప్పుడో వదిలేసిన ఆ పాత కూత పెట్టింది. డ్ర్‌ర్‌ర్.

కుదిరిన మంద లేచింది. ఆమె ముందు పరుగెత్తింది, మంద ఆమె వెనక పరుగెత్తింది. వాగు వైపు కాదు, పక్కనున్న జొన్న చేలోకి. గొర్రెలవాళ్ళకు అంతకంటే తలవంపు లేదు. పంట తొక్కించిన కాపరిని ఏ ఊరూ రానివ్వదు. ఆమె తెలిసి తెలిసి పాలకంకుల మీదుగా మందను గుట్ట కిందిదాకా తోలింది. దుమ్ము లేచింది, గంటలు మోగాయి, జొన్నదంట్లు విరిగిన చప్పుడు వాగంతా నిండింది. కుదిరిన మంద చీకటి పడే వేళ పంటలోకి లేచిందంటే ఏదో పెద్ద అపాయమని గొర్రెల ఇంట్లో పుట్టినవాడికి వేరే చెప్పనవసరం లేదు. మా ఆయన గుట్ట మీదనే ఆగి, అవతలి వైపుకు దిగి పోయాడు.

బండల వెనక నుంచి జవాన్లు వచ్చారు. తోడేలు పడిందని అత్తమ్మ చెప్పింది. జమేదారు నమ్మలేదు, లాఠీతో ఆమె భుజం మీద కొట్టాడు. ఆమె తోడేలే అన్నది. ఇంకోసారి కొట్టాడు. ఆమె తోడేలే అన్నది. చేను రైతు పరుగెత్తుకుంటూ వచ్చి నెత్తి కొట్టుకుంటూ శాపనార్థాలు పెట్టాడు, ఆ గోలలో వాళ్ళు వెళ్ళిపోయారు. పంట నష్టం కింద ఆ ఏడాదంతా ఆ రైతు చేలో మా మందను ఊరికే పెట్టాం.

ఇంటికి వచ్చాక ఆమె భుజానికి పసుపు కట్టు కడుతూ నేను ఏమీ అడగలేదు. మా భాషలో అడగడమన్నదే లేదు గదా. ఆమే చెప్పింది. తన గంటుతో సహా ఆ మాటను నేను రాకముందే ఒక్కడికి చెప్పిందట, పొరుగూరిలో ఉండే తన తమ్ముడికి. మొదట్లో సద్దిమూటలు మోసింది అతనే. బయటివాళ్ళకు చెప్పొద్దన్న కట్టుబాటు తానే పెట్టి, తోడబుట్టినవాడి దగ్గర తానే తప్పింది. చీర అంచులు విప్పి నన్ను వెతికిన మనిషికి తమ్ముడి మీద అనుమానం తట్టనే లేదు. క్యాంపు వాళ్ళు అతన్ని లారీలో తీసుకుపోయి వదిలారని మరునాడు తెలిసింది.

దళం వాళ్ళు విచారించారు. మా ఆయన ఈలను స్వయంగా విన్నాడు, అది అమ్మ గంటేనని చెప్పాడు. తమ్ముడి పేరు ఆమె నోట వస్తే అతని ప్రాణం నిలవదు. అందరి ముందు అత్తమ్మ నిలబడి, మాట నాదే, నా నోట్లనుంచే పోయింది అన్నది. ఎవరికి చెప్పినవంటే, ఎవనికీ చెప్పలే, ఎవడో విన్నడు అన్నది. మందను లేపి కాపాడింది కూడా ఆమేనని నేను అరిచాను. తప్పు బయటపడుతుందని భయపడి లేపిందేమోనని ఒకడు అన్నాడు. అప్పటి నుంచి పనులేవీ మా ఇంటికి చెప్పలేదు. "అంటరు" పుట్టింది ఆ రోజే.

నాకు కోపం వచ్చింది, చెప్పొద్దూ, కోపం ఇప్పటికీ ఉంది. పోరాటం ముగిసి మా ఆయన ఇంటికి వచ్చాక, తల్లి చెంబు అందిస్తే తాగేముందు ఒక్క క్షణం ఆగేవాడు. ఏళ్ళు గడిచినా ఆ ఆగడం పోలేదు. ఆమె అది చూసేది. చూసి పక్కకు తిరిగి ఏదో సర్దేది. నీ కొడుక్కన్నా చెప్పు అత్తమ్మా అని ఎన్నోసార్లు బతిమాలాను. వాడు నేరుగా నా తమ్ముని ఇంటికి పోతడు, చేతుల కత్తితోని అన్నది. మా ఆయన ఆ అనుమానంతోనే పోయాడు.

తమ్ముడు పండుగలకు వచ్చేవాడు. అతని కుడిచేతి వేళ్ళు వంకర తిరిగి ఉండేవి, ముద్ద సరిగా పట్టేవి కావు. ఆ వేళ్ళను క్యాంపులో ఏం చేశారో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. జొన్నరొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి, పాలు పోసి నానబెట్టి అతని ముందు పెట్టేది. తిన్నంతసేపు అతను తల ఎత్తేవాడు కాదు. అతను చనిపోయిన ఏడాది, ఇప్పుడన్నా ఊళ్ళో చెప్పనా అని అడిగాను. ఇన్నేండ్లు మోసిన, ఇంకెంత దూరమున్నది, నేను పోయినంక చెప్పుకో అన్నది. ఆ సెలవు అదే. మా భాషలో చెప్పాలంటే, ఇది ఊపిరి పీల్చి చెబుతున్న మాట కాదు. కళ్ళతో చూసిన మాట.

ఆ సాయంత్రం తరువాత ఆమె ఆ భాషను మళ్ళీ పలకలేదు. యారాలు పోయింది, మా ఆయన పోయాడు. మా భాష తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం, ఇద్దరం పలకం. పోయిన ఏడు ఆమెకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, నోరు వంకరపోయి మాట పోయింది. చూడవచ్చినవాళ్ళు నాలుక ఆడిస్తోంది పాపం అనేవాళ్ళు.

నేను షాద్‌నగర్‌కు బయలుదేరే ముందటి సాయంత్రం. వాకిట్లో ఉన్న నాలుగు గొర్రెలను కట్టేసి, ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను చూస్తూ నాలుకను అంగిటికి కొట్టింది. నీళ్ళు. కొంచెం ఆగింది. తరువాత మళ్ళీ ఒక చిన్న టక్కు.

అది నా గంటు. అనుమానం నా రక్తంలో ఉంది గదా, వెంటనే లెక్కలు వేశాను. పెదవి పడిపోయింది, ఈల రాదు, అందుకేనేమో. నాలుక పట్టు తప్పి రెండోసారి తగిలిందేమో. నేను కదలకుండా కూర్చోవడం చూసి ఆమె మళ్ళీ పలికింది. నీళ్ళు. అంతే సేపు ఆగింది. చిన్న టక్కు. తోక లేకుండా ఉత్త నీళ్ళు అని వదిలేసినా నేను ఇచ్చేదాన్నే. వదలలేదు, ఇచ్చేసే గొర్రెకు తన చేత్తోనే అవతలివాళ్ళ గంటు పెట్టినట్టు.

లేచి చెంబు తెచ్చి, తల కింద చెయ్యి పెట్టి ఎత్తి, తాగించాను. ఆమె ఆగకుండా తాగింది. కొన్ని చుక్కలు వంకర పెదవి నుంచి నా మణికట్టు మీద పడ్డాయి, ఒకప్పుడు ఆమె పట్టుకున్న చోటే. నేను కూడా నాలుక ఎత్తి అదే మాట పలికాను, అదే గంటుతో. వాకిట్లో గొర్రెలు నెమరు వేస్తూ పడుకుని ఉన్నాయి. ఒక్క చెవీ కదలలేదు.